సముద్రపుటొడ్డు అరణ్యములో రాత్రి విడిది



పూర్వము మన గృహస్థులు కాశీకో రామేశ్వరమునకో బయలుదేరునప్పుడు మొట్టమొదట విచారించే సంగతి, త్రోవలో సత్రములు ఎక్కడెక్కడ ఉన్నవి, వాటిని నడిపేవారెవరు, రాత్రివేళ వెళ్ళితే తలుపు తీయుదురా తీయరా అన్నది. దైవదర్శనము మాట ఆ తరువాత. ఏ ఊరు ఎంత దూరమో కాలినడకన తెలియును గాని, చీకటిపడిన తరువాత తల దాచుకొనుటకు చోటున్నదో లేదో ముందుగా తెలియకపోతే వయసు మళ్ళినవారితో ప్రయాణము సాగదు. అందరికీ తెలిసిన ఈ చిన్న విషయమును మేము మరచిపోయి, అమెరికా పశ్చిమ తీరమున, కాలిఫోర్నియా రాష్ట్రపు ఉత్తరపు కొసన, రెడ్‌వుడ్ అరణ్యములో ఒక రాత్రి తిరిగి నేర్చుకొన్నాము. ఈ ప్రసంగము వింటున్న ఇండ్లలో శాన్ ఫ్రాన్సిస్కో పరిసరములలో పిల్లలు ఉద్యోగములు చేసుకొంటున్నవి ఎన్నో ఉండును. వేసవిలో తల్లిదండ్రులు అక్కడికి వెళ్ళుట, పిల్లలు వారిని కారులో ఎక్కించుకొని ఆ అడవి చూపింపబోవుట ఇప్పుడు మామూలైనది. మేము పడిన అవస్థ వారు పడకుండుటకై ఈ నాలుగు మాటలు.

మొదట అడవి సంగతి. శాన్ ఫ్రాన్సిస్కో నుండి 101వ నంబరు రహదారి వెంబడి ఉత్తరముగా సుమారు 500 కిలోమీటర్లు పోయిన తరువాత ఓరిక్ అనే చిన్న ఊరు వచ్చును. అక్కడి నుండి క్రెసెంట్ సిటీ అనే రేవుపట్టణము దాటువరకు, ఒకవంక పసిఫిక్ మహాసముద్రము, ఒకవంక కొండలు, నడుమ ఈ అరణ్యము. ప్రపంచములోకెల్ల ఎత్తైన వృక్షములు ఇక్కడనే ఉన్నవి. వాటిలో మిక్కిలి ఎత్తైన చెట్టును 2006లో గుర్తించి హైపీరియన్ అని పేరు పెట్టినారు. దాని ఎత్తు 115 మీటర్లకు పైగా ఉన్నది. నాలుగు నిడుపాటి కొబ్బరిచెట్లను ఒకదాని నెత్తిన ఒకటి నిలిపితే గాని దానికి సరిరావు. ఇంతటి చెట్టుకు విత్తనము టొమాటో విత్తనమంత! వేళ్ళు లోతుగా దిగవు; నాలుగు మీటర్లకు మించవు. అవి ప్రక్కలకు ప్రాకి, ఇరుగుపొరుగు చెట్ల వేళ్ళతో అల్లుకొని నిలిచి ఉన్నవి. వేసవిలో అక్కడ వాన పడదు. అప్పుడు సముద్రము మీదినుండి వచ్చే పొగమంచే వాటికి దాహము తీర్చును. ఈ పొగమంచును శ్రోతలు జ్ఞాపకముంచుకొందురు గాక. గుడారము వేసుకొనేవారికి దీనితో పని ఉన్నది.

2019 జూలైలో ఒక శుక్రవారమునాడు మా అక్కయ్య, బావగారు, వారి ఇద్దరు పిల్లలు, డెబ్బది దాటిన మా అమ్మగారు, మేము, అందరము కలిసి బయలుదేరినాము. విడిది విషయము బావగారు చూసుకొన్నారు. కేంద్ర ప్రభుత్వము వారి రిజర్వేషన్ల పట్టికలో రెడ్‌వుడ్ జాతీయోద్యానవనము పేర వెదికితే కారుతో దిగే విడిదిపట్టు ఒక్కటియు ఆయనకు కనబడలేదట. అందుమీదట ఆయన, ఇక్కడ రిజర్వేషన్ అక్కరలేదు కాబోలు, ముందు వచ్చినవారికి ముందు చోటు కాబోలునని నిశ్చయించుకొన్నారు. మేమును తలయూపినాము. తప్పు ఆయన ఒక్కరిదే అనుట న్యాయము కాదు.

సాయంత్రము ఏడు గంటలకు ఎల్క్ ప్రెయిరీ అనే చోటికి చేరినాము. పెద్ద పచ్చికబయలు, దాని అంచున మిన్నంటిన చెట్లు, బయలులో కొమ్ముల దుప్పుల మంద ఒకటి తీరికగా మేయుచున్నది. ఇవి రూజ్‌వెల్ట్ ఎల్క్ అనే జాతి. మా అమ్మగారు కారు అద్దములోనుండి చూచి, "ఎవరి గేదెలే ఇవి, ఇంకా ఇంటికి తోలుకెళ్ళలేదు?" అన్నది. అందరము నవ్వినాము. ఆ నవ్వు ముగియకముందే ద్వారము దగ్గర చోట్లన్నియు నిండినవన్న బోర్డు కనబడినది.

గుమటములో ఉన్న రేంజరు నడివయసు స్త్రీ. మమ్ములను మందలింపలేదు. వైర్‌లెస్ మీద మిగిలిన విడిదిపట్టులవారిని ఒక్కొక్కరిని పిలిచి అడిగినది. మేము రేడియో మనుష్యులము గదా, ఆ గరగర శబ్దము వినగానే ప్రాణము లేచివచ్చినది. కాని వచ్చిన సమాధానములన్నియు ఒక్కటే. ఎక్కడను ఖాళీ లేదు. కారును రోడ్డు ప్రక్కన నిలిపి అందులోనే నిద్రించుదుమా అని బావగారు అడిగినారు. ఉద్యానవనములో అది నిషిద్ధమని ఆమె చెప్పినది. తరువాత ఒక పటము పరచి పెన్సిలుతో గీతలు గీయుచు, మేము వెదికినది ఒక్క దొరతనమువారి భూమిని మాత్రమేనని, ఈ అడవిలో నలుగురు యజమానులున్నారని వివరించినది. ఆ పటము ఇప్పటికిని మా వద్ద ఉన్నది. ఆ నలుగురి సంగతి తెలిసినవానికే ఇక్కడ చోటు దొరకును. కనుక కథను ఇక్కడ ఆపి, ఆ వైనము కొంచెము చెప్పవలసియున్నది.

పందొమ్మిదవ శతాబ్దములో బంగారము కొరకు వచ్చినవారు, తరువాత కలప కొరకు వచ్చినవారు ఈ తీరమునంతటిని ఆక్రమించినారు. నరుకుడు ఎంత జోరుగా సాగినదనగా, తొలినాటి రెడ్‌వుడ్ అడవిలో ఇప్పుడు మిగిలినది నూటికి అయిదు పాళ్ళకు మించదు. 1918లో కొందరు పెద్దలు రెడ్‌వుడ్ రక్షణ సంఘమును స్థాపించి, చందాలు పోగుచేసి, తోపులు కొని రాష్ట్ర ప్రభుత్వమునకు అప్పగించసాగినారు. ఆ విధముగా 1920వ దశకములో ప్రెయిరీ క్రీక్, డెల్ నార్టే కోస్ట్, జెడెడయా స్మిత్ అనే మూడు రాష్ట్రోద్యానవనములు రూపము దాల్చినవి. కేంద్ర ప్రభుత్వము మేలుకొన్నది చాలా ఆలస్యముగా. రెడ్‌వుడ్ జాతీయోద్యానవనము ఏర్పడినది 1968లో. అప్పటికి మంచి తోపులు, నీటివసతి గల మంచి విడిదిపట్టులు రాష్ట్రమువారి చేతిలోనే ఉన్నవి. 1994 నుండి ఉభయులును కలిసి పాలన సాగించుచున్నారు. పటములో అంతయు ఒకే ఉద్యానవనముగా కనబడును. కాని కారుతో వెళ్ళి గుడారము వేసుకొనే క్యాంపుగ్రౌండులు నాలుగును రాష్ట్రమువారివే. జాతీయోద్యానవనము పేర వెదికిన మా బావగారికి ఏమియు కనబడకపోవుటకు కారణమిదే.

ఇక్కడ ఒక ముచ్చట. 1968లో ఇచ్చిన భూమి చాలలేదు. ఎగువ కొండలమీద నరుకుడు ఆగకపోవుటచే మన్ను కొట్టుకొనివచ్చి దిగువనున్న మహావృక్షముల మొదళ్ళకు ముప్పు తెచ్చినది. మరి 48,000 ఎకరములు చేర్చవలెనని 1977లో ప్రయత్నము జరుగగా, కలపపనివారు తమ కూడు పోవునని లారీలు కట్టుకొని దేశమునకడ్డముగా వాషింగ్టన్ నగరమునకు ఊరేగింపుగా వెళ్ళినారు. అప్పటి అధ్యక్షుడు కార్టరుగారు వేరుసెనగ పండించిన రైతు. అందుచేత ఒక రెడ్‌వుడ్ మొద్దును బ్రహ్మాండమైన వేరుసెనగకాయ ఆకారముగా చెక్కి కానుకగా తీసుకొనిపోయినారు! ఆ కానుకను స్వీకరింపలేదు. 1978లో భూమిని చేర్చనే చేర్చినారు. వేరుసెనగకాయ తిరిగి ఓరిక్‌కు వచ్చినది. కలప మిల్లులు మూతపడి వెలవెలబోయిన ఆ ఊరి వీధిగుండా పోవునప్పుడు, అడవి నిలిచినందుకు సంతోషించే మనస్సే ఆ కుటుంబముల కొరకును కొంత నొచ్చుకొనును. అడవి ఉచితముగా మిగులలేదు.

అంతకుముందువారి మాటయు చెప్పవలెను. ఇది యూరోక్, టోలోవా మొదలైన జాతులవారి నేల. వారు పడిపోయిన రెడ్‌వుడ్ మాకుల నుండి పలకలు చీల్చి ఇండ్లు కట్టుకొన్నారు, దోనెలు తొలుచుకొన్నారు. ఓరిక్ చెంత 125 ఎకరముల భూమిని యూరోక్ జాతివారికి తిరిగి అప్పగించుటకు 2024 మార్చిలో ఒడంబడిక జరిగినది.

సరే, మేము ఎల్క్ ప్రెయిరీ గుమటము దగ్గర నిలిచియున్నాము. మూడవ యజమాని, జాతీయ అటవీశాఖ. రెడ్‌వుడ్ అడవికి తూర్పున కొండలలో సిక్స్ రివర్స్ జాతీయారణ్యము ఉన్నది. దానిలో స్మిత్ నదికి ఇరువైపులనున్న భాగమును 1990లో ప్రత్యేక విహారప్రదేశముగా ప్రకటించినారు. అక్కడ పాంథర్ ఫ్లాట్ అనే విడిదిపట్టున ఏవో కొన్ని చోట్లు ముందుగా ఎవరికిని ఇవ్వక వచ్చినవారికి వదలుదురని, ప్రయత్నించి చూడుడని రేంజరు చెప్పినది. ప్రయత్నము తప్ప దారి లేదు.

ఆ ప్రయాణము మరపురాదు. క్రెసెంట్ సిటీకి దక్షిణముగా రహదారి సముద్రపు కొండచరియమీద ప్రాకును. ఆ చోటికి లాస్ట్ ఛాన్స్ గ్రేడ్ అని పేరు. కొండ సముద్రములోనికి జారుచుండుటచే అక్కడ ఎప్పుడును మరమ్మతులే. ఒకవైపు బండ్లను ఆపి ఒకవైపువాటిని వదలుచుందురు. క్రింద సముద్రఘోష. చుట్టును పాలవలె పొగమంచు. చివరి అవకాశమన్న పేరు గల దారిలో, చోటు దొరకునో దొరకదో తెలియక, వరుసలో నిలిచియున్నప్పుడు మా అమ్మగారు, "మనవాళ్ళెవరూ లేరుట్రా ఈ ఊళ్ళో?" అని అడిగినది. వందల కిలోమీటర్ల వరకు మనవారెవరును లేరని ఆమెకు చెప్పుటకు మాకు నోరు రాలేదు.

క్రెసెంట్ సిటీలో తూర్పునకు తిరిగి 199వ నంబరు రహదారి పట్టినాము. ముప్పది కిలోమీటర్లు నది వెంబడి పోవుసరికి పొగమంచు విచ్చి నక్షత్రములు కనబడినవి, గాలి వెచ్చబడినది. తొమ్మిదిన్నర దాటిన తరువాత పాంథర్ ఫ్లాట్ చేరి, చేతిదీపముతో ఒక్కొక్క గుంజకు తగిలించిన చీటిని చదువుచు నడచినాము. పేరు లేని గుంజ ఒకటి కనబడినది! అక్కడ గుమాస్తా ఉండడు. కవరులో డబ్బు పెట్టి, పైన కారు నంబరు వ్రాసి, నేలలో పాతిన ఇనుప గొట్టములో వేయుటయే. అందుచేత చిల్లర నోట్లు వెంట ఉండవలెను. మాకు అక్కయ్య సంచిలో మడతలలో దొరికినవి. పెద్దామెను కారు వెనుక సీటులో పరుండబెట్టి, మేము గుడారములో ఒకరినానుకొని ఒకరము పడుకొన్నాము. ఏడు గంటలకు దొరకని చోటు పది గంటలకు దొరికినది భాగ్యమువలన గాని తెలివివలన కాదు. ఆ భాగ్యము అందరికిని కలుగునని ఎవరును లెక్కవేసుకొనరాదు.

మరునాడు ఎవరో రద్దుచేసుకొన్న చోటొకటి జెడెడయా స్మిత్ క్యాంపుగ్రౌండులో దొరికినది. నాలుగింటిలో మాకు బాగుగా తెలిసినదియు, మేము మొదట చెప్పదగినదియు ఇదే. క్రెసెంట్ సిటీకి పదునాలుగు పదునైదు కిలోమీటర్ల దూరమున, స్మిత్ నది ఒడ్డున, నరుకుడెరుగని ముదురు అడవి నడుమ ఎనభైకి పైగా చోట్లున్నవి. ఒక్కొక్క చోట ఒక బల్ల, నిప్పు వేసుకొనుటకు ఇనుప చుట్టు, ఆహారము దాచుకొనుటకు తాళము పడే ఇనుప పెట్టె. ఒక చోట ఎనిమిదిమంది వరకు ఉండవచ్చును. వేడినీటి స్నానములున్నవి, మరుగుదొడ్లు శుభ్రముగా ఉన్నవి. విద్యుచ్ఛక్తి మాత్రము ఏ చోటునకును లేదు. మేము వెళ్ళిననాటికి రాత్రికి 35 డాలర్లు. సైకిలు మీదనో కాలినడకననో వచ్చేవారికి తలకు కొద్దిపాటి రుసుముతో వేరు చోటున్నది. ఆ మర్యాద మాకు మిక్కిలి నచ్చినది. కారున్నవానికే అడవి అనకుండుట మంచిపద్ధతి.

ఎల్క్ ప్రెయిరీలో సుమారు 75 చోట్లు. దుప్పులను చూడగోరే పిల్లలున్నవారికి అది తగినది. అయితే వాటికి దగ్గరగా పోరాదు. మేయునప్పుడు ఎంత సాధువుగా కనబడునో, బెదిరినప్పుడు అంత ప్రమాదకరము. మిల్ క్రీక్ అన్నిటిలో పెద్దది, 145 చోట్లున్నవి గాని వేసవిలోనే తెరచియుండును. అక్కడి అడవి ఒకసారి నరికి తిరిగి పెరిగినది. నడుమనడుమ గదులంత వెడల్పుగల పాత మొద్దులు నల్లగా మిగిలియున్నవి. అందముకన్న జ్ఞాపకము పుట్టించే చోటది.

నాలుగవది గోల్డ్ బ్లఫ్స్ బీచ్. 1850 ప్రాంతమున ఈ ఇసుకలో బంగారపు రేణువులు దొరికినవని జనము విరుచుకొనిపడినారు. పేరు అందువలన వచ్చినది. సముద్రపుటొడ్డున, ఇసుకమీద, పాతిక చోట్ల వరకు మాత్రమే ఉన్నవి. రాత్రంతయు కెరటముల హోరు, తెల్లవారితే గుడారపు గుడ్డమీద పొగమంచు నీరు. దీనికి పోవు మట్టిదారి ఇరుకైనది. తోక బండ్లను అనుమతింపరు. చెంతనే ఫెర్న్ కాన్యన్ అని, నిలువుగా లేచిన గోడలనిండ పర్ణములు పెరిగిన వాగు ఉన్నది. మే నడుమ నుండి సెప్టెంబరు నడుమ వరకు పగటిపూట చూడవచ్చేవారు ముందుగా అనుమతిపత్రము తీసుకొనవలెను. ఈ నియమము 2022లో వచ్చినది. ఇక్కడ రాత్రి నిలిచేవారు మరియొకటి తెలిసికొనవలెను. 1964 మార్చిలో అలాస్కాలో వచ్చిన భూకంపమువలన పుట్టిన ఉప్పెన క్రెసెంట్ సిటీ నడిబొడ్డును తుడిచిపెట్టినది. పదిమందికి పైగా మరణించినారు. తీరమున ఉండగా నేల కంపిస్తే ఎవరి హెచ్చరిక కొరకును ఎదురుచూడక మెరకకు పరుగెత్తవలెను. 1977 ఉప్పెన దివిసీమవారికి మేము దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక జెడెడయా స్మిత్‌లో జరిగిన ఒక సంగతి. ఉదయము మేము అటుకుల పులిహోర తింటున్నాము. ముదురు నీలపు రంగు, తలపై నల్లని జుట్టు గల పక్షి ఒకటి బల్ల చివర వాలినది. స్టెల్లర్స్ జే అని దాని పేరు. మన కాకికి చుట్టము. తినబోవుముందు కాకికి ఇంత ముద్ద పెట్టనిదే మా అమ్మగారికి ముద్ద దిగదు. ఇంటివద్ద ఏనాటినుండియో ఆ అలవాటు. ఆమె గుప్పెడు అటుకులు తీసి బల్ల చివర చల్లినది. మరి రెండు పక్షులు వచ్చినవి. ఆమె ముఖమున, నిన్నటి రాత్రి నుండి మొదటిసారిగా, చిరునవ్వు కనబడినది.

ఆ దారిన పోవుచున్న పడుచువాడైన రేంజరు ఆగి, టోపీ తీసి, మెల్లగా మాటలాడినాడు. అక్కయ్య తెలుగు చేసి అమ్మకు చెప్పినది. అతడు చెప్పినదేమనగా, ఈ చెట్లపైన, చాలా ఎత్తున, మార్బుల్డ్ మరెలెట్ అనే చిన్న సముద్రపు పక్షి గుడ్డు పెట్టును. బ్రతుకుతెరువు సముద్రములో, చేపలతో. పురుడు మాత్రము అడవిలో. గూడు కట్టదు. ముదురుచెట్టు కొమ్మమీద నాచు మెత్తగా పెరిగిన చోటు చూసికొని, ఏడాదికి ఒక్కటే గుడ్డు పెట్టును. తల్లిదండ్రులు ఎన్నో కిలోమీటర్లు ఎగిరి మసకచీకటిలో చేప తెచ్చి పిల్లకు పెట్టుదురు. ఎంత రహస్యముగా అనగా, ఈ పక్షి గూడు పట్టు అక్కడి శాస్త్రజ్ఞులకు చాలాకాలము తెలియలేదు. 1974లో బిగ్ బేసిన్ అనే మరియొక రెడ్‌వుడ్ ఉద్యానవనములో చెట్టెక్కిన పనివాని కంటబడినది. నరుకుడువలన కొమ్మలు కరవై, 1992లో దీనిని అపాయములోనున్న జాతుల పట్టికలో చేర్చినారు. మనుష్యులు పడవేసే మెతుకులకు నీలి పక్షులు, బొంతకాకులు విడిదిపట్టుల చుట్టు గుమిగూడును. గుమిగూడినవి పైకొమ్మలు వెదకి ఆ ఒక్క గుడ్డునో పిల్లనో తినివేయును. అందుచేత ఇక్కడ ఒక్క మెతుకైనను నేలమీద మిగులనీయరాదని వారి నియమము.

అక్కయ్య చెప్పుట ముగించిన తరువాత అమ్మ కొంతసేపు మాటలాడలేదు. "ఒక్కటే గుడ్డా?" అని అడిగినది. ఒక్కటే అని చెప్పినాము. తరువాత ఆమె కళ్ళజోడు పెట్టుకొని, వంగి, బల్లమీద, బల్ల క్రింద, పడిన అటుకులను ఒక్కొక్కటిగా ఏరి కొంగున కట్టుకొన్నది. పిల్లలు సహాయము వచ్చినారు. రేంజరు కూడ మోకాలిమీద కూర్చుండి రెండు ఏరినాడు. ఆ రెండు దినములును ఆమె కాకిముద్ద పెట్టలేదు. పెట్టలేదని కొంచెము బాధపడినది కూడ. రెండింటిలో ఏది పుణ్యమని మమ్ములనెవరును అడుగలేదు, మేమును తేల్చబోము. విడిదిపట్టులో ఇనుప పెట్టె ఉండుట ఎలుగుబంట్ల కొరకు మాత్రమే కాదని నాడు తెలిసినది. ఎలుగుబంట్ల కొరకును అవునుగాక: పచ్చడి సీసా మొదలుకొని సబ్బు, పళ్ళపొడి వరకు వాసనగల ప్రతి వస్తువును అందులో పెట్టి మూయవలెను. ఆవకాయ ఘుమఘుమ అక్కడి ఎలుగులకు కొత్తయే గాని, కొత్త అని అవి మానవు.

కట్టెల విషయము కూడ ఇక్కడనే చెప్పెదము. పడిపోయిన కొమ్మలు ఏరి మంటవేయుట నిషిద్ధము. ఇంటినుండి కట్టెలు తీసుకొనిపోవుట అంతకన్న చెడ్డపని. వాటితో చెట్ల తెగుళ్ళు, పురుగులు ప్రయాణము చేయును. అక్కడనే కొనవలెను.

నాలుగవ యజమాని జిల్లావారు. క్రెసెంట్ సిటీ పరిసరములలో డెల్ నార్టే జిల్లావారికి ఫ్లోరెన్స్ కెల్లర్, రూబీ వాన్ డెవెంటర్ అని రెండు చిన్న వనములున్నవి. పెద్ద ఆడంబరము లేదు. పెద్దచోట్లు నిండినప్పుడు వీటిని తలచుకొనవలెను. ఓరిక్‌కు దక్షిణమున, ట్రినిడాడ్ ఊరి చెంత, సముద్రము మీదికి చొచ్చిన గుట్టపైన సూ-మెగ్ అనే రాష్ట్రోద్యానవనము చాలా చక్కనిది. దీనికి పూర్వనామము పాట్రిక్స్ పాయింట్. పాతపటములలో అదే ఉండును. యూరోక్ జాతివారి పేరును 2021లో తిరిగి పెట్టినారు. ఆ జాతివారే 1990లో అక్కడ పలకల ఇండ్లతో తమ పూర్వపు గ్రామమును నిర్మించినారు. ఉత్తరముగా ఓరిగాన్ రాష్ట్రపు హద్దు దాటితే బ్రూకింగ్స్ ఊరిలో హారిస్ బీచ్, చెట్కో నది ఒడ్డున లోబ్ అనే విడిదిపట్టులున్నవి; ఆ రాష్ట్రమువారి రిజర్వేషన్ వేరు. హారిస్ బీచ్‌లో గుడ్డతో కట్టిన గుండ్రని గుడిసెలు మంచములతో సహా అద్దెకు దొరకును. నేలమీద పరుండలేని పెద్దవారికి ఇంతకంటె సుఖమైన ఉపాయము ఆ చుట్టుప్రక్కల మేము చూడలేదు.

మూటలు మోసుకొని నడచిపోగల యువకులకు జాతీయోద్యానవనములో కాలిదారుల వెంట చిన్న మకాములున్నవి. వాటికి అనుమతిపత్రము ముందుగా తీసుకొనవలెను. అటవీశాఖవారి భూమిలో విడిదిపట్టు కానిచోట గుడారము వేసి పొయ్యి వెలిగించుటకు కాలిఫోర్నియావారి నిప్పు అనుమతిపత్రము ఉండవలెను. దానికి డబ్బు అక్కరలేదు. కాని ఎండకాలమున నిప్పు పూర్తిగా నిషేధించుటయు కలదు. 2023 ఆగస్టులో పిడుగులవలన స్మిత్ నది లోయలో పెద్ద దావానలము లేచి 199వ నంబరు రహదారిని మూయవలసివచ్చినది. కనుక బయలుదేరే ముందు ఆ వారపు నిప్పు సంగతి, దారి సంగతి విచారించవలెను. అడవిలో ఫోను పనిచేయదు. కాగితపు పటము వెంట ఉండవలెను.

చివరకు రిజర్వేషన్. రాష్ట్రమువారి చోట్లను రిజర్వ్ కాలిఫోర్నియా అనే వారి కార్యస్థానము ద్వారా ఆరు నెలలు ముందుగా తీసుకొనవచ్చును. ఏ తేదీన చేరదలచితిమో దానికి సరిగా ఆరు నెలల ముందు, అక్కడి ఉదయము 8 గంటలకు ఆ తేదీ చోట్లు తెరచును. జూలై చోటు జనవరిలో తెరచును. శనివారపు చోట్లు నిమిషములలో పోవును. అక్కడి చలికాలపు 8 గంటలు మనకు రాత్రి 9 గంటల 30 నిమిషములు. మార్చి నడుమ నుండి నవంబరు మొదటివరకు రాత్రి 8 గంటల 30 నిమిషములు. అక్కడి పిల్లలు ఆ వేళకు కార్యాలయపు దారిలో ఉందురు. ఇక్కడి తల్లిదండ్రులు భోజనములు ముగించి తీరికగా ఉందురు. ఈ సంగతి గ్రహించి మా అక్కయ్య ఆ తరువాతి యాత్రకు పనిని మాకు అప్పగించినది. జనవరిలో ఒక రాత్రి వార్తలు ముగిసిన వెంటనే మేము కూర్చుండి, ప్రక్కన అమ్మ గడియారము చూచుచుండగా, జెడెడయా స్మిత్‌లో నది ప్రక్కనున్న చోటొకటి మూడు రాత్రులకు తీసుకొన్నాము. "బల్ల ఉన్న చోటేనా?" అని అమ్మ అడిగినది. అన్నిచోట్లను బల్ల ఉండునని చెప్పినాము.